మొర్రి చెట్టు: పండు కోత నుంచి సారపప్పు దాకా, గింజ నుంచి మొక్క దాకా

వేసవి రాగానే పాఠకుల నుంచి రెండు ప్రశ్నలు తరచుగా వస్తుంటాయి. మొర్రి పండ్ల నుంచి సారపప్పును నలగకుండా తీయడం ఎలా అన్నది మొదటిది; పొలం గట్టున మొర్రి గింజలు వేస్తే ఒక్కటి కూడా ఎందుకు మొలవలేదన్నది రెండవది. రెండింటికీ జవాబు కోత రోజునే మొదలవుతుంది. పండు చెట్టు మీద పూర్తిగా నల్లబడక ముందే తెంపితే లోపలి పప్పు నిండదు, నిండని పప్పు తిండికీ విత్తనానికీ పనికిరాదు. అందుకే ఈ మార్గదర్శిలో కోత గురించి, టెంక పగలగొట్టడం గురించి, విత్తనం మొలిపించడం గురించి ఎక్కువగా రాశాను. మిగిలినవి క్లుప్తంగా ఉంటాయి.

1. చెట్టును పొరపాటు లేకుండా గుర్తించడం

శాస్త్రీయంగా బుకనానియా లాంజాన్ అని పిలిచే మొర్రి, మామిడి, జీడిమామిడి ఉన్న కుటుంబానికే చెందినది. ఆదిలాబాద్, ఖమ్మం అడవుల నుంచి నల్లమల వరకు ఆకురాల్చే పొడి అడవుల్లో, ముఖ్యంగా రాతి నేలల్లో, నీరు నిలవని వాలుల్లో ఇది పెరుగుతుంది.

గుర్తించడానికి ముందుగా బెరడును చూడండి. ముదురు బూడిద రంగులో, నిలువుగానూ అడ్డంగానూ లోతుగా పగిలి, మొసలి వీపులా గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. ఆకులు దళసరిగా, కోలగా, కొన గుండ్రంగా ఉంటాయి. నడిమి ఈనె నుంచి పక్క ఈనెలు తిన్నగా, ఒకదానికొకటి సమాంతరంగా సాగుతాయి. జనవరి నుంచి మార్చి లోపల కొమ్మల చివర ఆకుపచ్చ కలిసిన తెల్లటి చిన్న పూలు గుత్తులుగా వస్తాయి. కాయ శనగగింజ కంటే కొంచెం పెద్దదిగా, బటానీ గింజంత ఉంటుంది. లోపల పలుచని గుజ్జు, దాని కింద గట్టి టెంక, ఆ టెంకలో సారపప్పు ఉంటాయి.

ఇదే అడవిలో ఇదే కుటుంబపు నల్లజీడి చెట్టు కూడా ఉంటుంది. దాని రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. నల్లజీడి ఆకులు మొర్రి ఆకుల కంటే చాలా పెద్దవి, అడుగు భాగం పాలిపోయి ఉంటుంది, కాయ కూడా మొర్రి కంటే ఎన్నో రెట్లు పెద్దది. కాయలున్న కాలంలో ఈ రెండింటినీ ఎవరూ పొరబడరు గాని, కాయలు లేనప్పుడు అంటు పుల్లల కోసమో మొలకల కోసమో వెళ్ళేవారు తప్పక తేడా చూసుకోవాలి. సందేహం ఉంటే కొమ్మ విరవవద్దు, ఆకు నలపవద్దు.

2. కోతకు ముందు హక్కు చూసుకోవడం

2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు అడవిలో నివసించే గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు ఉంది. ఊరి అడవిలోని మొర్రి చెట్టు వారి జీవనాధారం. పట్నం నుంచి వెళ్ళి సంచులు నింపుకొని రావడం చట్టరీత్యానే కాక ధర్మం దృష్ట్యా కూడా తగదు. పండ్లు కావాలంటే అక్కడి సంతలో కొనండి. అభయారణ్యాలు, పులుల అభయారణ్యాల లోపల అటవీ శాఖను అడగకుండా ఏదీ తెంపకూడదు.

సొంత పొలంలోనో, పట్టా భూమి గట్టునో చెట్టు ఉన్నవారికి కోత విషయంలో ఈ చిక్కు లేదు. అయినా చెట్టు కొట్టాలంటే మాత్రం ముందుగా అటవీ శాఖను సంప్రదించండి.

3. కోయవలసిన రోజును నిర్ణయించడం

మొర్రి పూత నుంచి పండు వరకు దాదాపు నాలుగు నెలలు పడుతుంది. సాధారణంగా ఏప్రిల్ నుంచి మే చివరి వరకు పండ్లు వస్తాయి, కొన్ని చోట్ల జూన్ దాకా సాగుతాయి. ఒకే గుత్తిలో కూడా అన్నీ ఒకేసారి పండవు. ఆకుపచ్చ కాయ ముందు ఎర్రగా, ఊదాగా మారి, చివరికి నల్లబడుతుంది.

కోతకు సిద్ధమైందో లేదో ఇలా పరీక్షించాలి:

– పండు పూర్తిగా నల్లగా ఉండాలి. తొడిమ దగ్గర ఆకుపచ్చ మిగిలి ఉంటే కోయవద్దు.
– వేలితో నొక్కితే గుజ్జు మెత్తగా జారాలి.
– చెట్టు వేర్వేరు వైపుల నుంచి పది పండ్లు తీసుకొని టెంకలు పగలగొట్టి చూడాలి. పప్పు టెంకను నిండుగా ఆక్రమించి, గట్టిగా ఉంటే కోయవచ్చు. ముడతలు పడి, నీరు కారుతూ, పాలు పట్టిన దశలో ఉంటే మరో వారం ఆగాలి.

చెప్పడానికి ఇది సులువే గాని, ఊరిలో పాటించడం కష్టం. తాను ఆగితే పక్కవారు కోసుకుపోతారన్న భయంతో అందరూ పచ్చికాయలనే దులిపేస్తారు, చివరికి అందరి చేతికీ తేలిక గింజే మిగులుతుంది. దీనికి ఒంటరిగా ఎవరూ చేయగలిగింది లేదు. గ్రామసభలోనో, వన సంరక్షణ సమితిలోనో కూర్చొని, ఫలానా తేదీకి ముందు ఎవరూ మొర్రి కోయకూడదని కట్టుబాటు పెట్టుకోవడమే మార్గం. కొనే వ్యాపారి కూడా పచ్చికాయ టెంకలకు తక్కువ ధర కడతానని ముందే చెప్పగలిగితే ఆ కట్టుబాటు నిలుస్తుంది.

4. కొమ్మ విరవకుండా కోయడం

మొర్రి పూగుత్తులు కొమ్మల కొనలలో వస్తాయి. పండ్ల కోసం కొమ్మలు నరికినవారు వచ్చే ఏటి పూతను కూడా నరికినట్టే. ఈ చెట్టు నిదానంగా పెరిగేది, పోయిన కొమ్మను తిరిగి వేయడానికి చాలా కాలం తీసుకుంటుంది.

కావలసిన సామాను: చివర చిన్న కొక్కెం ఉన్న దోటి, చెట్టు కింద పరచడానికి టార్పాలిన్ లేదా పాత చీరలు, గాలి ఆడే వెదురు బుట్ట, నల్లటి పండ్లను, ఎర్రకాయలను వేరుగా వేయడానికి రెండు సంచులు.

పని వరుస ఇది. ముందు చెట్టు కింద ఆకులను చీపురుతో ఊడ్చి పట్టా పరచాలి. అందే గుత్తులను చేతితో తెంపాలి. అందని కొమ్మలను దోటితో మెల్లగా పట్టి ఊపితే బాగా పండినవి రాలుతాయి. రాలనివి ఇంకా పండలేదన్నమాట, వాటిని వదిలేయాలి. నాలుగైదు రోజులకొకసారి ఇదే చెట్టు దగ్గరకు మళ్ళీ రావాలి. కొన కొమ్మల్లో కొన్ని గుత్తులు పిట్టలకు, అడవి మొలకలకు మిగల్చాలి.

ఎలుగుబంట్లకు మొర్రి పండ్లంటే ఇష్టం. అందువల్ల తెల్లవారుజామున, సందెవేళ ఒంటరిగా వెళ్ళవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్ళాలి. చెట్టు ఎక్కక తప్పకపోతే ఎండుకొమ్మ మీద కాలు వేయకూడదు.

నిప్పు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా ఉంటుందని మార్చి, ఏప్రిల్ నెలల్లో చెట్ల కింద ఆకులకు నిప్పు పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. మొర్రి కాయ ఎదిగే కాలమూ అదే. ఆ మంట పెద్ద చెట్టును చంపకపోవచ్చు గాని, నేల మీదున్న మొలకలన్నిటినీ కాల్చేస్తుంది. ఇప్ప చెట్టు కింద ఆకులను ఊడ్చి పాత చీర పరిస్తే నిప్పు అవసరమే ఉండదు.

5. తినే పండ్లు, గింజకు వాడే పండ్లు

తాజా పండు తీపిపులుపుగా ఉంటుంది. కడిగి, చప్పరించి, టెంకను ఉమ్మివేయడమే. చేతిలో రెండు రోజులకు మించి నిలవదు. జీడిపప్పు పడనివారు సారపప్పును మొదటిసారి తినేటప్పుడు జాగ్రత్తపడాలి, రెండూ ఒకే కుటుంబపువి.

గింజ కోసం ఉంచిన పండ్లను కోసిన రోజే పనిలో పెట్టాలి. సంచిలో మూటగట్టి మూలన పడేస్తే వేడెక్కి, పులిసి, బూజు పడతాయి. ఆ వాసన పప్పు దాకా దిగుతుంది, ఎంత ఎండబెట్టినా పోదు.

6. గుజ్జు వదిలించి ఎండబెట్టడం

1. పండ్లను తొట్టిలోనో గంగాళంలోనో పోసి, మునిగేలా నీళ్ళు పోసి ఒక రాత్రి నానబెట్టాలి. రెండో రాత్రికి ఉంచకూడదు.

2. ఉదయాన్నే గోనెసంచిలో సగం వరకు నింపి, మూతి కట్టి, గరుకు బండ మీద పెట్టి రెండు చేతులతో అటూ ఇటూ రుద్దాలి. తొక్క, గుజ్జు సంచి పోగుల గుండా బయటికి వస్తాయి.

3. నీళ్ళలో పోసి మూడు నాలుగు సార్లు కడగాలి. పైకి తేలే తొక్కలతో పాటు తేలే టెంకలను కూడా తీసివేయాలి. వాటిలో చాలావరకు పప్పు ఉండదు.

4. శుభ్రమైన టెంకలను పట్టా మీద ఒక్క వరుసలో పరచి ఎండబెట్టాలి. రోజుకు మూడు నాలుగు సార్లు తిరగేయాలి, సాయంత్రం మంచు పడకముందే ఎత్తాలి.

ఎండిందో లేదో చూడడానికి గుప్పెడు టెంకలను చెవి దగ్గర ఆడించండి. లోపల పప్పు కదులుతున్న చప్పుడు వినిపిస్తే చాలు. మే నెల ఎండకు రెండు మూడు రోజుల్లో ఈ స్థితికి వస్తాయి; మబ్బు పడితే ఇంకా పడుతుంది. మట్టి నేల మీద ఆరబోయవద్దు, టెంకకు అంటిన మట్టి తిరగలిలో పప్పుతో కలుస్తుంది.

ఒక హెచ్చరిక: విత్తనానికి కావలసిన టెంకలను ఈ దశలోనే విడిగా తీయండి. వాటిని ఎండలో కాక నీడలో ఆరబెట్టాలి.

7. టెంక పగలగొట్టి పప్పు తీయడం

అందరూ దెబ్బతినేది ఇక్కడే. టెంక గట్టిది, పప్పు మెత్తనిది, రెండింటి మధ్య ఖాళీ చాలా తక్కువ. సుత్తితో ఒక్కొక్కటి కొడితే గంటకు గుప్పెడు కూడా రాదు; రోట్లో దంచితే పిండి అవుతుంది. ఇంటికి సరిపడా తీయడానికి పాతకాలపు తిరగలి కంటే మంచి సాధనం లేదు, కాని దాన్ని సర్దుకోవడం తెలియాలి.

ముందు టెంకలను జల్లెడతో పెద్దవి, చిన్నవి అని రెండు రకాలుగా వేరు చేయాలి. ఈ పని వృథా అనిపించవచ్చు. కాని కలగలిపి వేస్తే రాళ్ళ మధ్య ఎడం పెద్దవాటికి సరిపోయినప్పుడు చిన్నవి పగలకుండా పోతాయి, చిన్నవాటికి సరిపోయినప్పుడు పెద్దవాటి పప్పు నలుగుతుంది.

తరువాత తిరగలి నడిమి మేకుకు గుడ్డ చుట్టనో తోలు బిళ్ళనో వేసి పై రాయిని కొద్దిగా ఎత్తాలి. ఎడం టెంక మందం కంటే వెంట్రుకవాసి తక్కువ ఉండాలి. గుప్పెడు టెంకలు వేసి, నెమ్మదిగా నాలుగు చుట్లు తిప్పి, వచ్చినదాన్ని చూడండి.

– టెంకలు పగలకుండా వస్తుంటే గుడ్డ ఒక మడత తగ్గించాలి.
– పప్పు ముక్కలై, నూనె మరకలు కనిపిస్తే ఒక మడత పెంచాలి.
– ఎడం సరిగా ఉన్నా పప్పు పొడి అవుతుంటే టెంకలు మరీ ఎండిపోయాయని అర్థం. నీళ్ళు చిలకరించి, తడి గోనెలో కొన్ని గంటలు చుట్టి ఉంచి, పైతడి ఆరనిచ్చి మళ్ళీ ప్రయత్నించాలి.

ఎక్కువ పోసి వేగంగా తిప్పడం వల్ల పని త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. రాళ్ళు వేడెక్కి పప్పు నుంచి నూనె వస్తుంది, అలాంటి పప్పు త్వరగా చేదెక్కుతుంది.

పగిలినదాన్ని చేటలో చెరిగితే తేలిక పెంకు, దుమ్ము పోతాయి. బరువైన పెంకు ముక్కలు పప్పుతోనే మిగులుతాయి. వాటిని జల్లెడ పట్టి, ఆ తరువాత పళ్ళెంలో పరచి చేతితో ఏరాలి. ఈ ఏరడంలో తొందరపడితే పాయసంలో పన్ను విరుగుతుంది. పగలని టెంకలను మళ్ళీ తిరగలిలో వేయవచ్చు.

నాలుగైదు కిలోల టెంకలకు కిలో పప్పు వస్తే పని బాగా జరిగినట్టే. చాలా తక్కువ వస్తే తప్పు తిరగలిది కాకపోవచ్చు, పచ్చికాయలు కోసి ఉంటారు. క్వింటాళ్ళ లెక్కన పని ఉన్న సంఘాలకు చిరోంజి (సారపప్పుకు హిందీ పేరు) టెంకలు పగలగొట్టే యంత్రాలు ఉన్నాయి. వాటికి కూడా ముందుగా సైజు వారీగా వేరు చేయడం తప్పదు.

8. నిల్వ, అమ్మకం

సారపప్పులో దాదాపు సగం నూనే ఉంటుంది. అందువల్ల గాలి, వేడి, తేమ తగిలితే నెలల్లోనే ముక్కిపోయిన వాసన వస్తుంది. నా సలహా ఒక్కటే: అవసరమైనంత పప్పు మాత్రమే తీసి, మిగిలినది టెంకలోనే ఉంచండి. టెంక కంటే మంచి డబ్బా దొరకదు.

తీసిన పప్పును ఒక పూట నీడలో ఆరబెట్టి, తడి లేని గాజు సీసాలో గట్టిగా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. శీర్ ఖుర్మాలోనో పాయసంలోనో వేసే ముందు ఒక గింజ నమిలి చూడండి. గొంతులో కారంగా తగిలితే మొత్తం పారేయాలి. బూజు కనిపించిన పప్పును కడిగి వాడడం మంచిది కాదు.

అమ్మేవారు పప్పుగా కాక టెంకలుగా అమ్మితే ధర తక్కువైనా పాడయ్యే భయం ఉండదు. చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కేంద్రం 2013-14లో ప్రారంభించిన కనీస మద్దతు ధర పథకంలో చిరోంజి టెంకలు కూడా ఉన్నాయి. సంతకు వెళ్ళేముందు ఆ ఏటి ధరను దగ్గరలోని గిరిజన సహకార సంస్థ డిపోలో అడిగి తెలుసుకుంటే బేరంలో మోసపోరు. ఉప్పుకో బియ్యానికో మారకం వేసుకునే బేరం ఎప్పుడూ నష్టమే.

9. గింజను మొలిపించడం

అంగడిలో కొన్న సారపప్పు మొలవదు. పాతబడిన టెంక కూడా చాలావరకు మొలవదు. పప్పులో నూనె ఎక్కువ కావడం వల్ల మొలిచే శక్తి త్వరగా తగ్గిపోతుంది. కాబట్టి మే నెలలో తీసిన విత్తనాన్ని జూన్ లోపలే వేయాలి. ఏటా బాగా కాసే, పండు పెద్దగా ఉండే చెట్లను ముందే గుర్తు పెట్టుకొని, ఒక్క చెట్టు నుంచి కాక నాలుగైదు చెట్ల నుంచి విత్తనం తీసుకోవాలి.

రెండో అడ్డంకి టెంకే. నీరు లోపలికి వెళ్ళినా, గట్టి పెంకును మొలక తోసుకొని రాలేదు. దీనికి ఉపాయం టెంకకు పగులు ఇవ్వడం.

1. నీళ్ళలో వేసి, మునిగిన టెంకలను మాత్రమే తీసుకోవాలి.
2. టెంక రెండు చిప్పలు కలిసిన అంచును చూడాలి. ఆ అంచు పైకి వచ్చేలా నిలిపి, చిన్న సుత్తితో ఒక్క తేలిక దెబ్బ వేయాలి. పగులు కనబడితే చాలు, చిప్పలు విడిపోకూడదు. పప్పు నలిగినవాటిని పక్కన పెట్టి తినేయండి, విత్తితే కుళ్ళుతాయి.
3. పగులు ఇచ్చినవాటిని ఒక రాత్రి మంచినీటిలో నానబెట్టి, మరునాడే విత్తాలి.
4. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి సంచులు నింపాలి. తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక పొట్టి సంచులు పనికిరావు. కనీసం 25 సెంటీమీటర్ల లోతు ఉండాలి, అడుగున రంధ్రాలు తప్పనిసరి.
5. సంచికి రెండు గింజల చొప్పున, ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులో వేసి, పైన పలుచగా ఇసుక చల్లాలి.
6. సగం నీడలో ఉంచి, నీళ్ళు చిలకరించే డబ్బాతో రోజూ తేలికగా తడపాలి. మట్టి తడిగా ఉండాలి, బురదగా కాదు.

మూడు నుంచి ఆరు వారాల్లో మొలకలు వస్తాయి. అన్నీ మొలుస్తాయని ఆశించవద్దు. కావలసిన మొక్కలకు మూడింతల గింజలు వేసుకోండి. మొదటి నెలలో మొలక రాలేదని సంచి తవ్వి చూడడం వల్లనే చాలా మొలకలు పాడవుతాయి. చీమలు, ఉడుతలు ఈ పప్పును వదలవు, సంచుల వరుస మీద సన్నటి వల కప్పాలి.

10. నాటడం, మొదటి రెండు వేసవులు

మొక్క ఒక ఏడాది నర్సరీలో ఉండి, మరుసటి ఏడు తొలకరి తరువాత నేలలోకి వెళ్ళాలి. గొయ్యి రెండు అడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉంటే సరిపోతుంది. తవ్విన మట్టిలో మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి; వేపపిండి చెదల బెడదను తగ్గిస్తుంది. మొక్కల మధ్య 8 నుంచి 10 మీటర్ల ఎడం ఉండాలి. సంచిని కత్తిరించి తీయాలి, లాగకూడదు. వేరు చుట్టూ మట్టిగడ్డ విడిపోతే మొక్క కోలుకోవడం కష్టం.

రాళ్ళ నేల, ఎర్రనేల పర్వాలేదు. నల్లరేగడి, నీరు నిలిచే పల్లం మాత్రం వద్దు. మొదటి రెండు వేసవుల్లో వారానికొకసారి నీరు పెట్టాలి, పాదులో ఎండుటాకులు కప్పాలి. మేకలు, పశువులు లేత ఆకును తింటాయి కనుక ముళ్ళకంప కంచె తప్పనిసరి. కొండ అంచున ఉన్న పొలాల్లో ఫిబ్రవరి లోపలే మొక్కల చుట్టూ గడ్డి చెక్కి, నిప్పు రాకుండా దారి తీయాలి.

గింజ మొక్క కాపుకు రావడానికి పదేళ్ళ దాకా పట్టవచ్చు. త్వరగా కావాలనుకునేవారు అంటు మొక్కలు నాటాలి. గుజరాత్‌లోని గోధ్రా దగ్గర ఉన్న కేంద్ర ఉద్యాన ప్రయోగ కేంద్రం మొర్రిలో లేత కొమ్మ అంటుపై పని చేసి, థార్ ప్రియ అనే రకాన్ని విడుదల చేసింది. ఇంట్లో అంటు కట్టాలనుకుంటే ఏడాది వయసున్న, పెన్సిల్ మందం గింజ మొక్కను ఎంచుకోండి. బాగా కాసే చెట్టు నుంచి అదే మందం ఉన్న పుల్లను తీసుకోవాలి; కోయడానికి వారం పది రోజుల ముందే ఆ పుల్ల ఆకులను, తొడిమలు మిగిల్చి, కత్తిరించి ఉంచాలి. వానాకాలం మొదట్లో మొక్క తలను కోసి, చీలిక చేసి, కింది కొనను రెండు పక్కలా ఏటవాలుగా చెక్కిన పుల్లను దించి, పాలిథిన్ పట్టీతో బిగించి, పైన సన్నటి పాలిథిన్ తొడుగు వేయాలి. చిగురు కనబడగానే తొడుగు తీసేయాలి.

11. తరచూ ఎదురయ్యే చిక్కులు

మొలక వచ్చి, మొదలు నల్లబడి పడిపోతే నీరు ఎక్కువైంది. నీరు తగ్గించి, సంచులను గాలి తగిలే చోటికి మార్చి, మట్టిలో ఇసుక పాలు పెంచాలి.

నాటిన మొక్క రెండేళ్ళుగా జానెడే ఉందని కంగారుపడవద్దు. మొర్రి ముందు వేరును దించుకొని, ఆ తరువాత పైకి లేస్తుంది. ఈ దశలో యూరియా వేస్తే లేత కొమ్మ సాగి గాలికి విరుగుతుంది.

పెద్ద చెట్టు పూత పూసి కాయ నిలపకపోతే ముందుగా మూడు విషయాలు చూడండి: పోయిన ఏడు కొమ్మలు నరికారా, పూత సమయంలో అకాల వాన గాని మబ్బు గాని పట్టిందా, చెట్టు కింద నిప్పు పెట్టారా. మొదటిదీ మూడోదీ ఆపితే ఒకటి రెండేళ్ళలో కాపు కోలుకునే అవకాశం ఉంది. రెండోదానికి చేయగలిగింది ఏమీ లేదు, మరుసటి పూత కోసం ఎదురుచూడాలి.

ఎండబెట్టిన టెంకలలో సన్నటి రంధ్రాలు కనిపిస్తే పురుగు చేరిందన్నమాట. వాటిని ఏరి కాల్చివేసి, మిగిలినవాటిని మరో రోజు ఎండలో వేసి, సంచి మార్చి, నేలకు తగలకుండా చెక్క మీద ఎత్తి పెట్టాలి.